స్కూల్ చూసుకుంటుందిలే అనుకుంటున్నారా? అమెరికాలో కాలేజ్ అడ్మిషన్ల అసలు సంగతి

హాయ్ అందరికీ, నమస్తే! ఈ వీడియో అమెరికాలో హైస్కూల్ పిల్లలున్న అమ్మానాన్నల కోసం. పిల్లలు 8, 9 తరగతుల్లో ఉంటే మొదట్నుంచీ చూడండి. 12వ తరగతిలో ఉంటే కోర్సుల గురించి చెప్పేది వదిలేసి, కాగితాల దగ్గర్నుంచి చూడండి.

మన దగ్గర ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటే చాలు, మిగతాది కంప్యూటరే తేల్చేస్తుంది. ఇక్కడ ఆ ఒక్క ర్యాంకు లేదు. మార్కులు, తీసుకున్న కోర్సులు, టీచర్ల లెటర్లు, ఎస్సేలు, బయట చేసిన పనులు, అన్నీ కలిపి చూస్తారు. ఇవన్నీ వేళకి పిల్లల చేత చేయించే బాధ్యత ఎవరిదంటే, చాలా పబ్లిక్ స్కూళ్ళలో ఎవరిదీ కాదు. హైస్కూల్ పని డిప్లొమా, అంటే హైస్కూల్ పాసైన సర్టిఫికెట్, ఇచ్చి పంపించడం. డిప్లొమాకి సరిపోయింది కాలేజీకి కూడా సరిపోవాలని రూలేం లేదు.

కాలిఫోర్నియానే తీసుకోండి. రాష్ట్రం డిప్లొమాకి పెట్టిన కనీస లెక్కలో మ్యాథ్ 2 ఏళ్ళు చాలు. బర్క్లీ, యూసీఎల్ఏ లాంటి యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లు మాత్రం ‘ఏ-జీ’ పేరుతో 15 కోర్సులు అడుగుతాయి, ఒక్కోటీ ఏడాది పొడుగునా చదవాల్సినవి. ఇంగ్లిష్ 4, మ్యాథ్ 3, ల్యాబ్ సైన్స్ 2, హిస్టరీ 2, వేరే భాష 2, ఆర్ట్స్ 1, ఎలక్టివ్ 1. వీటిలో 11 అయినా 12వ తరగతి మొదలయ్యేలోపు పూర్తవ్వాలి. ప్రతిదాంట్లో కనీసం సి గ్రేడ్ రావాలి. డి వస్తే స్కూల్ పాస్ అంటుంది, యూసీ లెక్కలో ఆ కోర్సు చదవనట్టే. పిల్లలు కంప్యూటర్ సైన్స్ ఎలక్టివ్‌లతో టైమ్‌టేబుల్ నింపేసుకుని ఆర్ట్స్ మర్చిపోతారు. ఒక సెమిస్టర్ డ్రాయింగ్, ఇంకో సెమిస్టర్ డ్రామా అంటే కుదరదు, రెండూ ఒకే కళలో ఉండాలి. బయట పదేళ్ళు కూచిపూడి నేర్చుకున్నా ఈ గడిలో అది లెక్కకి రాదు.

మ్యాథ్ విషయం ఇంకా ముందే తేలిపోతుంది. 8వ తరగతిలో ఆల్జీబ్రా 1 చదివితే జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాలిక్యులస్ మీదుగా 12వ తరగతికి కాలిక్యులస్ దగ్గరికి చేరతారు. అదే ఆల్జీబ్రా 1 9వ తరగతిలో మొదలైతే ప్రీకాలిక్యులస్ దగ్గరే హైస్కూల్ అయిపోతుంది. ఇంజనీరింగ్ అడిగే పిల్లలకి ఇది పెద్ద లోటు. ఎవరు ఏ ట్రాక్‌లో పడాలో చాలా స్కూల్ డిస్ట్రిక్టుల్లో 6వ తరగతి దగ్గరే టెస్టు పెట్టి నిర్ణయిస్తారు, కాలేజీ ఊసు ఎవరూ ఎత్తరు. ఆలస్యమైతే రెండు దారులున్నాయి: జామెట్రీని వేసవిలో పూర్తిచేయడం, లేదా జామెట్రీ, ఆల్జీబ్రా 2 ఒకే ఏడాది కలిపి తీసుకోవడం. వేసవి కోర్సు మొదలుపెట్టకముందే దానికి క్రెడిట్ ఇస్తామని స్కూల్ చేత రాతపూర్వకంగా ఒప్పించుకోండి.

ఇక కౌన్సెలర్. అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషన్ చెప్పేది 250 మంది పిల్లలకి ఒక్కరు ఉండాలని. దేశం మొత్తం మీద సగటు చూస్తే ఇప్పటికీ 370 పైనే ఉంది. అందులోనూ వాళ్ళకి కాలేజీ ఒక్కటే పని కాదు. క్లాసుల మార్పులు, క్రెడిట్ల లెక్క, రాష్ట్ర పరీక్షలు, ఇబ్బందుల్లో ఉన్న పిల్లల్ని చూసుకోవడం, అన్నీ వాళ్ళ నెత్తినే. అలాంటి మనిషి మీ అమ్మాయి గురించి ఒక పేజీ లెటర్ రాయాలి. ఆ లెటర్‌లో ఏముంటుందంటే, ఎక్కువగా పిల్లల గురించి మీరు నింపి ఇచ్చిన బ్రాగ్ షీట్‌లో ఉన్నదే ఉంటుంది. 11వ తరగతి చివర్లో ఆ ఫారం ఇంటికొస్తుంది, చాలామంది ‘కష్టపడే స్వభావం, మంచి లీడర్’ అని రాసి పంపేస్తారు. దాంతో ఏ కౌన్సెలరూ ఏమీ చేయలేరు. ‘రోబోటిక్స్ టీమ్‌లో బ్యాటరీ వైరింగ్ చూసుకుంటుంది, పోటీ రోజు కనెక్టర్ ఊడిపోతే అక్కడికక్కడే మార్చి రోబోని నడిపించింది’ అని రాస్తే వాళ్ళకి రాయడానికి ఒక వాక్యం దొరుకుతుంది. మీ ఇంట్లో ఏదైనా కష్టం వల్ల మార్కులు తగ్గి ఉంటే అది చెప్పాల్సింది కూడా ఇక్కడే. మనవాళ్ళు దాచేస్తారు, కారణం తెలియని గ్రేడ్ మాత్రం కాలేజీకి వెళ్ళే మార్కుల రికార్డు, అంటే ట్రాన్‌స్క్రిప్ట్‌లో అలాగే కనపడుతూ ఉంటుంది.

ఇప్పుడు కాగితాలు. కామన్ యాప్ అంటే చాలా కాలేజీలకి ఒకేచోట అప్లై చేసే వెబ్‌సైట్. కామన్ యాప్‌లో ఆ ఏటి అప్లికేషన్ ఆగస్టు 1న తెరుచుకుంటుంది. అకౌంట్ స్కూల్ ఈమెయిల్‌తో తెరవద్దు, గ్రాడ్యుయేషన్ అయ్యాక అది మూతపడే అవకాశం ఉంది. అప్లికేషన్, ఎస్సే, యాక్టివిటీలు పంపేది పిల్లలు. ట్రాన్‌స్క్రిప్ట్, స్కూల్ రిపోర్ట్, కౌన్సెలర్ లెటర్ పంపేది స్కూల్. టీచర్ల లెటర్లు టీచర్లే పంపుతారు. పిల్లలు సబ్మిట్ నొక్కగానే అన్నీ వెళ్ళిపోయాయనుకుంటారు, అక్కడే దెబ్బ తింటారు. ముందు ఫెర్పా ఫారం, అంటే స్కూల్ రికార్డులు కాలేజీలకి పంపడానికి అనుమతి ఇచ్చేది, పూర్తిచేయాలి, అది కాకుండా కామన్ యాప్‌లో టీచర్ల పేర్లు పెట్టడమే కుదరదు. స్కూల్ కాగితాలు పంపడానికి నావియన్స్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే కామన్ యాప్‌ని దానికి కలపాలి, ఈమెయిల్ తేడా ఉంటే కలవదు. ట్రాన్‌స్క్రిప్ట్ రిక్వెస్ట్ ఒక్కో కాలేజీకి విడిగా పెట్టాలి. స్కూల్ లోపలి గడువు కాలేజీ గడువు కంటే రెండు మూడు వారాల ముందే ఉంటుంది కాబట్టి, నవంబర్ 1 గడువున్న కాలేజీకి అక్టోబర్ మొదట్లోనే రిక్వెస్ట్ పడాలి. టీచర్లని మాత్రం 11వ తరగతి మే నెలలోనే అడిగేయాలి, చాలామంది ఇంతమందికే రాస్తామని లెక్క పెట్టుకుంటారు. ఎమ్ఐటీ అయితే ఒక మ్యాథ్ లేదా సైన్స్ టీచర్, ఒక హ్యుమానిటీస్ టీచర్ కావాలంటుంది. ఇద్దరు సైన్స్ టీచర్ల లెటర్లు చేతిలో పెట్టుకున్నవాళ్ళు అప్పుడు పరిగెత్తుతారు.

మన పేర్లతో ఇంకో చిక్కు. ఇంటిపేరు ముందా, పేరు ముందా అన్నది పాస్‌పోర్టులో ఒకలా, స్కూల్ రికార్డులో ఒకలా, శాట్ (కాలేజీ ప్రవేశ పరీక్ష) రిజిస్ట్రేషన్‌లో ఇంకోలా ఉంటుంది. కొందరి వీసాలో అసలు పేరు గడిలో పేరు తెలియదని అర్థమిచ్చే ‘ఎఫ్ఎన్‌యూ’ అని ఉంటుంది. కాలేజీ కంప్యూటర్‌లో స్కోరు ఒక పేరు మీద, అప్లికేషన్ ఇంకో పేరు మీద పడి రెండూ కలవవు, ఫైల్ అసంపూర్తి అని మెయిల్ వస్తుంది. 11వ తరగతి మొదట్లోనే స్కూల్ రికార్డు, శాట్ నిర్వహించే కాలేజ్ బోర్డ్ అకౌంట్, పాస్‌పోర్టు మూడింట్లో ఒకేలా ఉండేట్టు సరిచేయించండి. 9వ తరగతి ఇండియాలో చదివి వచ్చిన పిల్లలకి ఆ ఏటి మార్కుల షీట్ స్కూల్ ముద్రతో కావాలి. టెన్త్ మెమోలో 9వ తరగతి మార్కులు ఉండవు మరి.

కామన్ యాప్‌లో యాక్టివిటీలకి, అంటే చదువు బయట చేసిన పనులకి, 10 గడులుంటాయి. ఒక్కో వివరణకి 150 అక్షరాలే, ఖాళీలతో కలిపి. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని కూడా అడుగుతారు. పది గడుల్లో రాసిన గంటలన్నీ కూడి చూడండి. వారానికి 70 వస్తే చదివేవాళ్ళు నమ్మరు. అరంగేట్రం లాంటివి రాసేటప్పుడు కళ గొప్పతనం చెప్పక్కర్లేదు, ఎంతసేపు వేదిక మీద చేసింది, చిన్నపిల్లలకి నేర్పిందా, అవి రాస్తే చాలు.

ఎస్సేకి, అంటే పిల్లలు తమ గురించి రాసేదానికి, 650 పదాల పరిమితి. ఇంగ్లిష్ క్లాసులో ఏళ్ళ తరబడి నేర్పేది నవల మీద విశ్లేషణ, అది ఇక్కడ పనికిరాదు. ఆగస్టులో మొదటి డ్రాఫ్ట్ చేతిలో ఉండాలి. శాట్ సంగతి క్లుప్తంగా: యూసీలు అసలు చూడవు. ఎమ్ఐటీ, జార్జియా టెక్, యూటీ ఆస్టిన్ శాట్ గానీ, అలాంటిదే ఇంకో పరీక్ష ఏసీటీ గానీ తప్పనిసరి అంటాయి. మిగతావాటికి కాలేజీ సైట్‌లో ఆ ఏటి రూలు చూసుకోండి, పక్కింటివాళ్ళ మాట వద్దు.

టెక్సస్‌లో ఉన్నవాళ్ళకి ఒక మాట. క్లాస్ ర్యాంకు బాగుంటే ఆటోమేటిక్ అడ్మిషన్ అన్నది నిజమే. కానీ యూటీ ఆస్టిన్‌కి 2026 ఫాల్ నుంచి అది టాప్ 5 శాతానికే. పైగా గ్యారంటీ యూనివర్సిటీకి మాత్రమే, కంప్యూటర్ సైన్స్ సీటుకి కాదు. ఆటోమేటిక్ కదా అని అప్లికేషన్ మానేస్తే ఆ హక్కు కూడా పోతుంది.

స్కూళ్ళు అస్సలు చెప్పనిది డబ్బు, వీసా సంగతి. దీని మీద కౌన్సెలర్లకి కూడా పెద్దగా తెలీదు, తప్పు పట్టలేం. హెచ్-4 పిల్లలకి, అంటే హెచ్-1బీ తల్లిదండ్రుల మీద ఆధారపడ్డ వీసాలో ఉన్నవాళ్ళకి, ఫాఫ్సా (ప్రభుత్వ ఆర్థిక సాయం కోసం నింపే ఫారం) లేదు, ఫెడరల్ లోన్లూ లేవు. పిల్లలు అమెరికన్ సిటిజన్లయితే తల్లిదండ్రులు హెచ్-1బీ మీద ఉన్నా ఫాఫ్సా నింపొచ్చు. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేని అమ్మ కూడా స్టూడెంట్ ఎయిడ్ సైట్‌లో అకౌంట్ తెరవొచ్చు. వాళ్ళు చూసే ఆదాయం రెండేళ్ళ వెనకది: 2027 ఫాల్‌లో చేరేవాళ్ళకి 2025 ట్యాక్స్. అంటే 10వ తరగతి రెండో సగం, 11వ తరగతి మొదటి సగం. ఆ ఏడాది కంపెనీ షేర్లు భారీగా అమ్మితే లెక్క మారిపోతుంది. ఉంటున్న ఇల్లు ఫాఫ్సా అడగదు గానీ, హైదరాబాద్‌లో పెట్టుబడికి కొన్న ఫ్లాటు, ప్లాటు ఆస్తి కిందికే వస్తాయి. ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే ఇచ్చే తగ్గింపు 2024-25 ఫాఫ్సా నుంచి పోయింది.

హెచ్-4 పిల్లలకి ఇన్-స్టేట్ ఫీజు, అంటే ఆ రాష్ట్రంవాళ్ళకిచ్చే తక్కువ ఫీజు, రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. టెక్సస్, కాలిఫోర్నియాల్లో నివాసం నిరూపిస్తే దొరికే వీలుంది. 21 నిండగానే హెచ్-4 పోతుంది, స్టూడెంట్ వీసా ఎఫ్-1కి మారాలి. ఆ పుట్టినరోజు కాలేజీ మధ్యలో పడుతుంది కాబట్టి, మారాక కూడా ఇన్-స్టేట్ ఫీజు ఉంటుందా అని చేరకముందే రెసిడెన్సీ ఆఫీసుని మెయిల్‌లో అడగండి. వేసవిలో జీతమొచ్చే ఇంటర్న్‌షిప్ చేయమని కౌన్సెలర్ సలహా ఇస్తే హెచ్-4 పిల్లలు చేయకూడదు, పని చేసే అనుమతి వాళ్ళకి లేదు. ఛారిటీల్లో వాలంటీరింగ్ చేయొచ్చు.

ఎర్లీ డెసిషన్ అంటే సీటొస్తే చేరతామని పిల్లలు, తల్లిదండ్రులు, కౌన్సెలర్ సంతకం పెట్టే ఒప్పందం. ఇంకో కాలేజీ ఎంత సాయం ఇస్తుందో పోల్చుకునే అవకాశం ఉండదు. అందుకే సంతకానికి ముందు ఆ కాలేజీ సైట్‌లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ (సాయం పోను మీకు ఎంత పడుతుందో అంచనా వేసేది) నింపండి, 2011 నుంచి అది పెట్టడం చట్టప్రకారం తప్పనిసరి. ఫలితం డిసెంబర్ మధ్యలో వస్తుంది. రాకపోతే జనవరి మొదటి గడువులకి రెండు వారాలే మిగులుతాయి. మిగతా కాలేజీల ఎస్సేలు నవంబర్‌లోనే రాసిపెట్టుకున్నవాళ్ళు ఆ రెండు వారాలూ నిద్రపోగలుగుతారు.

సీటొచ్చాక పిల్లలు కాస్త తేలికపడతారు, సహజమే. కానీ చివరి సెమిస్టర్‌లో ఏపీ క్లాసు మానేస్తే, అంటే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ క్లాసు, ఆ మాట కాలేజీకి ముందే రాయాలి. గ్రేడ్లు బాగా పడిపోతే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకుంటారు. యూసీల్లో మార్కులు మొదట పిల్లలే టైప్ చేస్తారు, స్కూల్ పంపే ఫైనల్ ట్రాన్‌స్క్రిప్ట్‌తో తర్వాత సరిచూస్తారు. అది జులై 1 లోపు వాళ్ళకి అందాలి. జూన్‌లో కౌన్సెలింగ్ ఆఫీసుకి తాళం పడకముందే రిక్వెస్ట్ పెట్టి, వెళ్ళిందో లేదో కాలేజీ పోర్టల్‌లో చూసుకోండి.