రాబర్ట్ హుడ్: తీసేయడంలో ఉన్న లెక్క

రాబర్ట్ హుడ్ టెక్నో (యంత్రాలతో చేసే డాన్స్ సంగీతం) కళాకారుడు, అతి తక్కువ శబ్దాలతో నడిపే మినిమల్ టెక్నో అతని దారి. ఆ పద్ధతి పట్టుకోవడానికి ముందు కిక్ (డ్రమ్ దెబ్బ) ఒక్కటే వినండి. నిమిషానికి 130 బీట్లు. దీని మీద పొట్టి కార్డ్ (ఒకేసారి మోగే కొన్ని స్వరాలు) ఒకటి వేద్దాం. కిక్ లూప్ (తిరిగి తిరిగి వచ్చే ముక్క) 16 స్టెప్పులు, అంటే నాలుగు బీట్ల బార్ ఒకటి, కార్డ్ లూప్ మాత్రం 5 స్టెప్పులే. వింటున్నారా, ప్రతి బార్‌లోనూ కార్డ్ చోటు మారుతోంది. రెండూ మళ్లీ కలిసేది 80 స్టెప్పులకి, అంటే 5 బార్లకి, దాదాపు 9 సెకన్లకి. తకతకిట లెక్క తెలిసినవాళ్లకి ఈ సమం కోసం ఎదురుచూడ్డం కొత్తేం కాదు.

ఇది హుడ్ ట్రాక్ కాదు, ఆ పద్ధతి చూపించడానికి చేసుకున్న లూప్. డెట్రాయిట్‌వాడైన హుడ్, మైక్ బ్యాంక్స్, జెఫ్ మిల్స్‌లతో అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అనే టెక్నో బృందంలో పనిచేశాడు. అప్పటికి యూరప్ రేవ్‌లలో (రాత్రంతా సాగే డాన్స్ పార్టీల్లో) వేగం, హోరు పెరిగిపోయాయి. ఆ హోరులో పెద్ద పేరు వాక్యూమ్ క్లీనర్ మోతలాంటి 'హూవర్' శబ్దానిది, అది పుట్టింది రోలాండ్ ఆల్ఫా జూనో సింథ్‌లో (శబ్దాలు తయారుచేసే కీబోర్డ్‌లో). తమాషా ఏంటంటే, అదే కుటుంబంలోని జూనో-2లో దొరికిన ఒక కార్డ్‌తోనే హుడ్ ఆ హోరు నుంచి మినిమల్ వైపు తిరిగాడు. 1994లో మిల్స్ రికార్డు లేబుల్ యాక్సిస్ మీద 'మినిమల్ నేషన్', బెర్లిన్ లేబుల్ ట్రెసర్ మీద 'ఇంటర్నల్ ఎంపైర్' అనే హుడ్ రికార్డులు వచ్చాయి. సొంత లేబుల్ ఎం-ప్లాంట్ కూడా ఆ ఏడాదిదే.

మన లూప్ దగ్గరికి వద్దాం. ఎక్కువమంది తప్పటడుగు వేసేది కార్డ్ నిడివిలో. ఈ వేగంలో ఒక స్టెప్ 115 మిల్లీసెకన్లు. రిలీజ్ (కార్డ్ ఆరిపోవడానికి పట్టే సమయం) 600 మిల్లీసెకన్లు దాటిందా, తర్వాతి కార్డ్ వచ్చేసరికి పాతది ఇంకా మోగుతూనే ఉంటుంది. అంతా ఒకే ముద్ద, చోటు మారడం చెవికి అందదు. 150 దగ్గర పెట్టండి. 200 హెర్ట్జ్ కింద కార్డ్‌ని కోసేయండి, ఆ జాగా కిక్‌ది.

రెండు నిమిషాలకి బోర్ కొడితే ఇంకో సింథ్ ఎక్కించాలనిపిస్తుంది. వద్దు. ఫిల్టర్‌ని (శబ్దంలో పదునైన భాగాన్ని అడ్డుకునేదాన్ని) 32 బార్ల మీద, అంటే దాదాపు నిమిషం పాటు, నెమ్మదిగా తెరవండి. 4 బార్లలో తెరిచేస్తే మాత్రం డ్రాప్ (బీట్ ఒక్కసారిగా విరుచుకుపడే చోటు) వస్తుందని జనం ఆశపడతారు. అది రాదు కాబట్టి ఉసూరుమంటారు.

2000ల తర్వాత మినిమల్ పేరుతో వచ్చిన సంగీతంలో చాలా భాగం చిటపటల దగ్గరే ఆగిపోయిందని మా అభిప్రాయం. హుడ్ ఎంత తీసేసినా ఫంక్‌ని (ఒళ్లు ఊగించే లయని) మాత్రం వదల్లేదు. కావాలంటే కూతురు లిరిక్‌తో కలిసి నడుపుతున్న ఫ్లోర్‌ప్లాన్ జంట సంగీతం వినండి: చర్చి గాస్పెల్ గొంతులు, కింద అదే మొండి లూప్.