చేత్తో చేసిన సైకిల్ ఫ్రేమ్: పెయింట్ తీశాక కనిపించింది ఇదీ

నమస్కారమండీ. టేబుల్ మీదున్నది చేత్తో టిగ్ వెల్డింగ్ చేసిన స్టీల్ ఫ్రేమ్. టిగ్ అంటే గాలి తగలకుండా ఆర్గాన్ గ్యాస్ కప్పి, కరెంట్‌తో లోహాన్ని కరిగించి అతికించడం. ట్యూబులు 4130 క్రోమోలీవి, అంటే క్రోమియం, మాలిబ్డినం కలిపిన స్టీల్‌వి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, చేసినవాళ్ల పేరు చెప్పను. అతుకులు ఎలా ఉన్నాయో చూడాలని పెయింట్ మొత్తం తీయించాను.

ముందు కాస్త దూరం నుంచి చూడండి. వెల్డింగ్ చేప పొలుసుల్లా వరుసగా ఉంది. ఇది చూసే నేనూ కొన్నాను. అయితే పొలుసులు సమానంగా ఉన్నాయంటే చెయ్యి వణకలేదని అర్థం, అంతే. లోపల లోహం ఎంత లోతుకు కరిగి కలిసిందో వాటిని చూసి చెప్పలేం.

ఇప్పుడు దగ్గరగా చూద్దాం. హ్యాండిల్ కింద ఉండే పొట్టి హెడ్ ట్యూబ్, అక్కడినుంచి పెడల్స్ వైపు దిగే డౌన్ ట్యూబ్ కలిసేచోట, కిందివైపు. వెల్డింగ్ పక్కనే సన్నటి గాడి కనిపిస్తోందా? గోరు పెడితే తగులుకుంటోంది. దీన్నే అండర్‌కట్ అంటారు. కరెంట్ ఎక్కువై, అతుకులో కరిగించి నింపే ఫిల్లర్ రాడ్ సరిపడా అందకపోతే ట్యూబ్ అంచు కరిగిపోయి అక్కడ పల్లం మిగులుతుంది.

చిన్న గీతే కదా అనిపిస్తుంది. లెక్క చూడండి. ఇలాంటి ట్యూబుల్లో చివర గోడ మందం చాలాసార్లు 0.8 మిల్లీమీటర్లే. గాడి 0.2 లోతుంటే నాలుగో వంతు లోహం పోయినట్టే. పైగా గుంతలో పడ్డా, ముందు బ్రేక్ గట్టిగా పట్టినా ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది, ఆ ఊపంతా వచ్చి పడేది ఇక్కడే. ఒక్కరోజులో ఏమీ కాదు. వేల సార్లు లాగి, నొక్కి, లాగి, నొక్కి, చివరికి పగులు ఆ గాడిలోనే మొదలవుతుంది.

కింద, పెడల్స్ ఇరుసు కూర్చునే బాటమ్ బ్రాకెట్ దగ్గర సూదిమొనంత రంధ్రం ఒకటుంది. వెల్డింగ్ ఆపేటప్పుడు కరెంట్ మెల్లగా తగ్గించకుండా వెల్డింగ్ టార్చ్ లేపేస్తే ఇలా మిగలొచ్చు. ఆర్గాన్ గ్యాస్ సరిగా కప్పకపోయినా, ట్యూబ్‌కి నూనె అంటుకుని ఉన్నా రంధ్రాలు పడతాయి. అన్నట్టు, బాటమ్ బ్రాకెట్ నుంచి వెనక చక్రం వైపు వెళ్లే చైన్‌స్టే ట్యూబ్ మీద డ్రిల్‌తో వేసిన గుండ్రటి రంధ్రం చూసి కంగారు పడకండి. వెల్డింగ్ చేసేటప్పుడు ట్యూబ్ లోపల వేడెక్కిన గాలి బయటికి పోవడానికి కావాలనే పెడతారు.

పగుళ్లలోకి ఇంకే ఎర్ర రంగుతో చేసే డై టెస్ట్ కూడా చేశాను. డై చల్లి పది నిమిషాలు ఆగి, శుభ్రంగా తుడిచి, పగుళ్లలో మిగిలిన రంగును పైకి లాగే తెల్ల డెవలపర్ కొట్టాను. ఇదిగో, ఆ గాడి వెంబడే గోరంత పొడవున ఎర్ర గీత తేలింది. అంటే పగులు మొదలైపోయింది. ఈ టెస్ట్‌లో పైకి తెరుచుకున్న పగుళ్లే కనిపిస్తాయి. లోపల అతుక్కోని చోటు ఉంటే ఇది పట్టుకోలేదు.

మీరు పాత ఫ్రేమ్ కొంటుంటే పెయింట్ తీయించే వీలుండదు. కాబట్టి ఇదే చోట, కిందివైపు, టార్చ్‌లైట్ వేసి చూడండి. వెల్డింగ్ పక్కన పెయింట్ సన్నగా చీలి, అందులోంచి తుప్పు గీత కనిపిస్తే ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి. పైపైన ఫైల్‌తో రుద్ది మళ్లీ వెల్డ్ చేయిస్తే సరిపోతుందని ఎవరైనా అన్నా వినకండి. రుద్దితే మిగిలిన కాస్త మందం కూడా పోతుంది.

ఈ ఫ్రేమ్ మీద నేనిక ఎక్కను. ఎవరికీ అమ్మేది కూడా లేదు, ఇంకొకరు దీని మీద పడిపోతే నాకు నిద్ర పట్టదు. తర్వాతి వీడియోలో ఈ అతుకును అడ్డంగా కోసి, లోపల ఎంతవరకు కరిగిందో చూపిస్తాను.