కోడలి బోసిమెడ: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: భీమవరం నుంచి ఒక సోదరి లైనులో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: వందనాలు అయ్యగారూ. మాది మొదటినుంచీ సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) అండి, కోడలు పెంతెకొస్తు కుటుంబం నుంచి వచ్చిన పిల్ల. బాప్తిస్మం తీసుకున్ననాడే నగలు మానేసిందట. వచ్చే గురువారం మా అమ్మాయి పెళ్లని కోడలికి మూడు కాసుల గొలుసు చేయిస్తే, వేసుకోనంటోంది. ఆ ఒక్కరోజుకైనా వేసుకోమని మీరు చెప్పాలి.

పాస్టరు: మీరు నగలు పెట్టుకోవడాన్ని ఆమె ఎప్పుడైనా తప్పుపట్టిందా, అమ్మా?

శ్రోత: కుటుంబ ప్రార్థనలో ఒకసారి, ఈ ఇంటివారిని లోకాశల నుంచి విడిపించమని వేడుకుంది. అది నన్నేనని నాకు తెలియదాండీ?

పాస్టరు: అది ఆమె దిద్దుకోవలసిన పొరపాటే, అత్తగారికి చెప్పదలచినది దేవునికి చెప్పినట్టు చెప్పడం ప్రార్థన కాదు. గొలుసు సంగతి వేరు. బైబిల్లో మొదటి పేతురు పత్రిక 3వ అధ్యాయంలో బంగారు నగల గురించిన మాటను ఆమె నిషేధంగా చదువుతుంది, మనం ఆడంబరం మీద హెచ్చరికగా చదువుతాం. ఈ విషయంలో నేను మీ పక్షమే. అయినా రోములోని సంఘానికి పౌలు రాసిన రోమా పత్రిక 14వ అధ్యాయం నన్ను ఆపుతుంది. క్రీ.శ. 49 ప్రాంతంలో క్లౌదియ చక్రవర్తి రోము నుంచి వెళ్లగొట్టిన యూదుల్లో, తిండి నియమాలు పాటించే విశ్వాసులు అతని తరువాత తిరిగివచ్చేసరికి, సంఘం అన్నీ తినే అన్యజన (యూదులు కాని) విశ్వాసులతో నిండి ఉందనీ, తిండి తగవు అలా ముదిరిందనీ చాలామంది పండితులు అంటారు. ఏదీ సహజంగా నిషిద్ధం కాదన్న తన అభిప్రాయాన్ని పౌలు దాచుకోలేదు. కానీ తినేవాడు తిననివాణ్ణి తృణీకరించకూడదనీ, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదనీ రాశాడే తప్ప, అందరూ ఒకేలా తినాలని రాయలేదు. అనుమానిస్తూ తిన్నవాడు దోషి అవుతాడని కూడా అన్నాడు. మీ మాట కాదనలేక ఆమె గొలుసు వేసుకుంటే, మీకు తప్పుకానిది ఆమెకు తప్పవుతుంది.

శ్రోత: బంధువులు నానా మాటలూ అంటారండీ.

పాస్టరు: "మా కోడలి పద్ధతి అది" అని మీరే ముందుగా అనండి, అత్తగారే అన్నాక ఇంకొకరు నోరెత్తరు. లోకాశల మాట మాత్రం పెళ్లయ్యాక, ఆమెను విడిగా కూర్చోబెట్టుకుని చెప్పండి. ఇంతకీ పెళ్లి పనుల్లో చేయి వేస్తోందా?

శ్రోత: వేస్తోందండి. తను పూలు పెట్టుకోదు గానీ, ఆడపడుచు పూలజడ తనే కడతానంది. నిన్న రాత్రి కొలత కోసం నన్ను పీట మీద కూర్చోబెట్టి, నా జడకే కట్టి చూసుకుంది.