నాన్నగారి స్టాంపుల ఆల్బం: విలువ కట్టడం, అమ్మడం

సభకు నమస్కారం.

తాతగారి ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడో, తండ్రి పోయిన ఏడాదికి బీరువాలు సర్దుతున్నప్పుడో, పైఅరలో అట్ట ఊడిన స్టాంపుల ఆల్బం ఒకటి, దాని పక్కన పురికొస కట్టిన చెప్పుల పెట్టె ఒకటి బయటపడుతుంటాయి. ఇంట్లో మిగతా ఎవరికీ ఆ అభిరుచి ఉండదు. పెద్దాయన బతికున్న రోజుల్లో "ఇవి మున్ముందు లక్షలు పలుకుతాయిరా" అని ఒకటి రెండుసార్లు అన్న మాట మాత్రం అందరికీ గుర్తుంటుంది. నేను వ్యాపారిని కాను. నలభై ఏళ్లుగా తపాలా బిళ్లలు సేకరిస్తున్నాను కాబట్టి, తెలిసిన కుటుంబాలవారు ఇలాంటి ఆల్బంలను నా ముందు పెట్టి అభిప్రాయం అడుగుతుంటారు. వాటిని చూసీ చూసీ నాకు బలపడిన అభిప్రాయం ఒక్కటే: వారసులు డబ్బు ఉందనుకునే చోట అది సాధారణంగా ఉండదు, పనికిరాదని పక్కన పెట్టిన దానిలోనే ఎక్కువసార్లు ఉంటుంది.

అందుకే, ఏం చేయాలో చెప్పే ముందు ఏం చేయకూడదో చెబుతాను. గోదావరి జిల్లాల్లోని ఒక ఇంట్లో, నాకు చూపించడానికి ముందు అన్నీ శుభ్రంగా ఉండాలన్న సదుద్దేశంతో, చెప్పుల పెట్టెలోని పాత కవర్ల మీది స్టాంపులన్నిటినీ కత్తిరించి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, పుస్తకంలో వరసగా అమర్చి తెచ్చారు. అవి ఫ్రెంచి ఇండియా స్టాంపులు. 1892 నుంచి ఫ్రెంచివారి స్థావరాలకు విడిగా స్టాంపులు వచ్చాయి. పుదుచ్చేరిలో వాడినవి సులువుగానే దొరుకుతాయి కానీ, యానాం వంటి చిన్న ఊరి తపాలా ముద్ర స్పష్టంగా పడిన పూర్తి కవరు కోసం తపాలా చరిత్ర సేకర్తలు ఏళ్ల తరబడి వెతుకుతారు. చిరునామా, తేదీ, ఏ దారిన వెళ్లిందో చెప్పే ముద్రలు, చెల్లించిన రుసుము, ఇవన్నీ కలిసి ఉన్నప్పుడే కవరుకు ఆ గిరాకీ. నానబెట్టిన తరువాత ఆ ఇంటివారి చేతిలో మిగిలినవి సగం ముద్రలున్న మామూలు స్టాంపులు. ఆ కవర్ల ముక్కలు ఏమయ్యాయని అడిగితే, పొయ్యి రాజేయడానికి వాడేశామని చెప్పారు.

కాబట్టి కవరు మీదున్న స్టాంపును కవరు మీదే ఉంచండి. పాత పోస్టుకార్డులు, మనియార్డరు రసీదులు, టెలిగ్రాములు, సంస్థానాల కోర్టుఫీజు స్టాంపులున్న దస్తావేజులు కూడా అలాగే ఉంచండి, వాటికీ వేరుగా సేకర్తలున్నారు. సెల్లోటేపు అంటించకండి, లామినేషన్ చేయించకండి, పెన్నుతో వెనక అంకెలు వేయకండి. ఆల్బం నుంచి తీయవలసి వస్తే వేళ్లతో కాక, మొన చదునుగా ఉండే స్టాంపుల పట్టకారుతో తీయండి. మన కోస్తా ఊళ్లలో వానాకాలపు తేమకు జిగురు కరిగి స్టాంపు పేజీకి అతుక్కుపోవడం, కాగితం మీద గోధుమరంగు మచ్చలు రావడం సర్వసాధారణం. అతుక్కున్నదాన్ని పీకితే వెనక కాగితం పొర ఊడి వస్తుంది, అలా పలచబడిన స్టాంపు ధర పదోవంతుకు కూడా పడిపోవచ్చు. దాన్ని అలాగే వదిలి, తెలిసినవారికి చూపించడం మేలు.

ఇక విలువ సంగతి. పాతదైతే విలువైనదని అందరూ అనుకుంటారు. ప్రపంచంలోనే తొలి స్టాంపు, 1840 మే నెలలో ఇంగ్లండులో వచ్చిన పెన్నీ బ్లాక్, సుమారు 6.8 కోట్లు అచ్చయింది. ఈనాటికీ అది వేలంపాటల్లో కావలసినన్ని సార్లు కనిపిస్తుంది, నాసి ప్రతిని మధ్యతరగతి సేకర్త కూడా కొనగలడు. అంటే, వయసు కన్నా ముందు అడగవలసినవి మూడున్నాయి: ఎన్ని మిగిలాయి, ఎంతమందికి కావాలి, ఏ స్థితిలో ఉంది. 1960లు, 70లలో పిల్లలుగా ఉన్నవారి ఆల్బంలు తెరిస్తే గల్ఫ్‌లోని చిన్న రాజ్యాలైన అజ్మాన్, ఫుజైరా, షార్జా పేర్లతో రంగురంగుల పెద్ద స్టాంపులు, హంగరీ, పోలండు, రుమేనియాల నుంచి వచ్చిన జంతువుల వరసలు పేజీల కొద్దీ కనిపిస్తాయి. వాటిలో చాలావాటిని ఎవరూ ఉత్తరానికి అంటించలేదు. ముద్రణాలయంలోనే మూలకు చక్కగా ముద్ర కొట్టి, పొట్లాలు కట్టి స్టేషనరీ కొట్లకు అమ్మారు. మా చిన్నప్పుడు పదిహేను పైసలకు పొట్లం కొని మురిసిపోయినవాణ్ణే కనుక వాటిని వెక్కిరించలేను, కానీ కొనేవాళ్లు లేరని చెప్పక తప్పదు. ఆ గుట్టలో భూటాన్ స్టాంపులు ఉంటే మాత్రం ఆగి చూడండి: 1970ల తొలినాళ్లలో ఆ దేశం గ్రామఫోను రికార్డు ఆకారంలో, నిజంగానే పాట వినిపించే స్టాంపులు వెలువరించింది. అప్పట్లో తమాషాగా కొట్టిపారేసిన వాటికి ఇప్పుడు మంచి గిరాకీ ఉంది.

స్వతంత్ర భారతపు స్మారక స్టాంపులు, విడుదలైన రోజునే ముద్ర వేసిన ఫస్ట్ డే కవర్లు మన ఇళ్లలో ఎక్కువగా దొరికే సరుకు. చాలావరకు ఇవి లక్షల సంఖ్యలో అచ్చయ్యాయి, తపాలా శాఖలో ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) ఖాతా తెరిచి ప్రతి విడుదలనూ క్రమం తప్పకుండా తెప్పించుకున్నవారు ఊరూరా ఉన్నారు. కనుక 1980 తరువాతివాటికి ముఖవిలువ వచ్చినా సంతోషించాలి. దీనికి భిన్నమైన పేజీ ఒకటుంది. 1948 ఆగస్టు 15న గాంధీజీ స్మృతిగా నాలుగు స్టాంపులు వచ్చాయి: అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండు అణాలు, పది రూపాయలు. స్విట్జర్లాండులో అచ్చయిన ఈ స్టాంపుల మీద బాపూ అన్న పేరు హిందీలో, ఉర్దూలో ఉంటుంది. ఆ రోజుల్లో పది రూపాయలు పెట్టి స్టాంపు కొనగలిగిన వారెందరు? అందుకే చాలా ఆల్బంలలో మొదటి మూడూ ఉండి నాలుగో గడి ఖాళీగా ఉంటుంది. అది నిండి ఉంటే సంతోషించే ముందు అనుమానించండి, ఎందుకంటే పది రూపాయల స్టాంపుకు నకిలీలు విస్తారంగా తిరుగుతున్నాయి. ఇదే స్టాంపు మీద సర్వీస్ అని నల్లగా అచ్చువేసి గవర్నర్ జనరల్ వాడకానికి నూరు ప్రతులు మాత్రం ఇచ్చారు. వాటిలో నాలుగు కలిసి ఉన్న వరస 2017లో 5 లక్షల పౌండ్లకు అమ్ముడైంది. ఆ వార్త వచ్చిన నెలలో నా ఇంటికి పేపరు కత్తిరింపులతో వచ్చినవారిలో ఒక్కరి దగ్గర కూడా ఆ అచ్చు లేదు.

మన ప్రాంతపు సేకరణల్లో తరచు తగిలేవి హైదరాబాదు సంస్థానపు స్టాంపులు. 1869లో మొదలై, సంస్థానం భారతదేశంలో కలిసిన తరువాత 1950 దాకా ఇవి వాడుకలో ఉన్నాయి. వీటి మీద విలువను తెలుగు లిపిలో కూడా చూడవచ్చు, నాకు అవంటే మమకారం కలగడానికి ఆ అక్షరాలే కారణం. 1931 నాటి వరసలో చార్మినారు, హైకోర్టు, ఉస్మాన్ సాగర్ చెరువు, అజంతా గుహల ద్వారం ఉంటాయి. 1937 రజతోత్సవ వరసలో ఉస్మానియా ఆసుపత్రి, యూనానీ ఆసుపత్రి, విశ్వవిద్యాలయం, జూబిలీ హాలు ఉంటాయి. బొమ్మలు చూసి మనసు కరిగినా, చిన్న విలువల స్టాంపులు ఎంత మామూలుగా దొరుకుతాయంటే, విడి స్టాంపుకు చెప్పుకోదగ్గ ధర రాదు. అయితే తొలినాళ్ల స్టాంపుల్లో రంగుల తేడాలు, అంచు పళ్ల తేడాలు, స్టాంపు మీద తరువాత వేసినప్పుడు తలకిందులుగా పడిన అదనపు అచ్చులు, చిన్న తాలూకాల తపాలా ముద్రలు ఉంటాయి. అక్కడ భూతద్దం, పళ్లు లెక్కించే కొలబద్ద తీయాలి. బ్రిటిషు ఇండియాలోనూ ఇంతే. 1854లో కలకత్తాలో అచ్చయిన నాలుగణాల స్టాంపుకు ఎర్రని చట్రం ఒకసారి, నీలిరంగు రాణి తల మరోసారి అచ్చువేయవలసి వచ్చేది. కాగితం తిప్పి పెట్టినప్పుడు తల కిందులైన కొన్ని స్టాంపులు పుట్టి, ప్రపంచ ప్రసిద్ధి పొందాయి. అలాంటిది మీ పెట్టెలో ఉండదని చెప్పను, కానీ దానికి కూడా నకిలీలు నూరేళ్లకు పైగా తయారవుతున్నాయి.

ఇక్కడే కేటలాగు ధర అనే చిక్కు వస్తుంది. స్టాంపుల ధరల పట్టికగా పేరున్న స్టాన్లీ గిబ్బన్స్ కేటలాగులోని అంకె, మచ్చలేని స్టాంపును ఒక పేరున్న దుకాణదారు విడిగా అమ్మితే అడిగే ధర. అందులో అతని దుకాణపు ఖర్చు, హామీ, ఏళ్ల తరబడి సరుకు పెట్టుకున్న వడ్డీ అన్నీ కలిసి ఉంటాయి. కేటలాగులో అన్నిటికన్నా తక్కువగా కనిపించే అంకె నిజానికి ఒక స్టాంపును వెతికి తీసి కవరులో పెట్టి ఇచ్చే శ్రమకు ఖరీదు. మూడువేల మామూలు స్టాంపులను ఆ అంకెతో హెచ్చవేసి లక్షలు తేల్చినవారిని చూశాను. మొత్తంగా కొనే వ్యాపారి మామూలు సరుకుకు ఆ లెక్కలో చిన్న భాగమే ఇస్తాడు. దాన్ని మోసం అనలేము, ఆ సరుకు అతని దగ్గర పదేళ్లు పడి ఉండవచ్చు. నిజమైన ధర తెలియాలంటే, అదే స్టాంపు అదే స్థితిలో ఈమధ్య వేలంలో ఎంతకు అమ్ముడైందో చూడాలి. ఇంటర్నెట్టులో ఎవరో కోటి రూపాయలని పెట్టిన ప్రకటన, అమ్మేవాడి కోరికను తప్ప మరి దేన్నీ చెప్పదు.

స్టాంపులు బంగారంలా పెరుగుతూనే ఉంటాయన్న మాట కూడా నమ్మకండి. స్పెయిన్‌లో రెండు సంస్థలు స్టాంపుల పెట్టుబడి పేరుతో మూడు లక్షలకు పైగా మంది దగ్గర డబ్బు తీసుకుని 2006లో కుప్పకూలాయి. స్టాంపులన్నిటిలో పేరెన్నికగన్న బ్రిటిష్ గయానా ఒక సెంటు స్టాంపు కూడా 2014లో 94 లక్షల 80 వేల డాలర్లు పలికి, 2021లో 83 లక్షల డాలర్లకు దిగింది.

అమ్మకానికి దారులు మూడు. వ్యాపారికి మొత్తంగా ఇచ్చేస్తే డబ్బు ఆ రోజే చేతికి వస్తుంది, ధర తక్కువ. వేలం సంస్థకు ఇస్తే మంచి వస్తువుకు పోటీ దొరుకుతుంది, కానీ కమీషను పోతుంది, నెలలు పడుతుంది, మామూలు సరుకును వారు తీసుకోరు. సేకర్తలకు నేరుగా అమ్మితే ఎక్కువ రావచ్చు, ఓపిక కావాలి. నా సలహా, సరుకును ముందు విడదీయండి: కవర్లు, 1947కు ముందువి, సంస్థానాలవి, గాంధీ స్టాంపుల వంటి ప్రత్యేకమైనవి ఒకవైపు, మిగతాది ఒకవైపు. ఆల్బంలోంచి మంచివి నాలుగు ఎవరికైనా చూపించి అమ్మేస్తే, మిగిలిన గుట్టను తరువాత ఎవరూ ముట్టుకోరు, కనుక ఇద్దరు ముగ్గురి దగ్గర మాట తీసుకున్నాకే ఏదైనా తీయండి. విలువ కట్టే మనిషే కొంటానంటే మరో చోట కూడా అడగండి. నిజంగా అరుదైనదని తేలితే, అది అసలైనదేనని నిపుణుల సంఘం ఇచ్చే ధ్రువపత్రానికి ఖర్చు పెట్టడం లాభమే. 1869లోనే, అంటే హైదరాబాదు తొలి స్టాంపు వచ్చిన ఏడే, లండనులో మొదలైన రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ వారి పత్రానికి ప్రపంచమంతటా మన్నన ఉంది. నూరు రూపాయల స్టాంపుకు మాత్రం ఆ ఖర్చు దండగ.

ఇప్పుడు అమెరికాలో ఉన్న పిల్లల మాట. ఆల్బం అక్కడికి పంపి అమ్ముకుంటామని చాలామంది అడుగుతారు. నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులను దేశం దాటించడం మీద 1972 నాటి పురావస్తు చట్టం ఆంక్షలు పెట్టింది కనుక, పాత సరుకును సూట్‌కేసులో వేసుకునే ముందు పురావస్తు శాఖను అడిగి తెలుసుకోండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే అమ్మేముందు అందరి సమ్మతి కాగితం మీద తీసుకోండి, ప్రతి పేజీనీ ఫోనుతో ఫొటో తీసి అందరికీ పంపండి. పంచుకుందామని ఆల్బంను నాలుగు ముక్కలు చేసుకున్న ఇల్లు నేను చూశాను; నలభై ఏళ్లు పట్టి పూర్తిచేసిన వరసలు నాలుగిళ్లలో తలా కొంచెం ఉండి, ఎవరికీ పూర్తి వరస లేకుండా పోయింది. అమ్మి డబ్బు పంచుకోవడం అంతకన్నా నయం.

ఆల్బంలు తెచ్చినవారు ఆ కిటికీ దగ్గరి బల్ల మీద పెట్టండి, వెలుతురు అక్కడ బాగుంది, పట్టకారు, భూతద్దం నా దగ్గర ఉన్నాయి. చెప్పుల పెట్టె ఇంట్లో ఉండిపోయిందని ఇందాక ఒక అమ్మగారు చెప్పారు. అమ్మా, మీరు ఆల్బం ఇక్కడే ఉంచి, ముందు వెళ్లి ఆ పెట్టె తీసుకురండి.