వేల్స్ పలకరాయి ఇళ్ల వరుస స్కెచప్‌లో: పైకప్పు కారకుండా గీద్దాం

హాయ్ అండీ, నమస్తే. స్క్రీన్ కనిపిస్తోంది కదా? ఈరోజు మనం స్కెచప్ అనే త్రీడీ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీయబోయేది ఇదిగో, ఈ నాలుగిళ్ల వరుస. బ్రిటన్‌లోని ఉత్తర వేల్స్‌లో ల్లాన్‌బెరిస్ అని ఒక ఊరు, అక్కడి నేషనల్ స్లేట్ మ్యూజియంలో ఉన్నాయివి. ఈ వరుస పేరు Fron Haul. ఫ్రాన్ హాల్ అని చదవకండి, నేనూ చాలా రోజులు అలాగే చదివాను. వెల్ష్ భాషలో ఒంటి ఎఫ్ ఉంటే 'వ' అని పలకాలట. వ్రాన్ హైల్. అంటే ఎండ పడే కొండవాలు.

అసలు ఇవి తానగ్రిసియై అనే క్వారీ ఊళ్లో ఉండేవి. క్వారీ కూలీల ఇళ్లు. రాయి రాయి విప్పి తెచ్చి, ఇక్కడ మళ్లీ కట్టి, 1999లో జనానికి తెరిచారు.

సరే, మొదలుపెడదాం. ఆర్ కొట్టండి, డబ్బా గీయండి. పి కొట్టండి, పైకి లాగండి. గోడ మందం నేను 2 అడుగులు పెడుతున్నా. రాతి గోడ కదా, మన తొమ్మిదంగుళాల ఇటుక గోడలా పెడితే కిటికీ దగ్గర ఆ లోతు రాదు. తలుపు, ఇక్కడ కిటికీ, పైన చిన్న కిటికీ, పొగగొట్టం... ఫోటో చూసి పెట్టేయండి, ఇదంతా మీకు తెలిసిందే. అన్నీ సెలెక్ట్ చేసి జి, కాంపొనెంట్. గ్రూప్ కాదు, కాంపొనెంట్. కాంపొనెంట్ అయితే ఒక కాపీని మారిస్తే అన్ని కాపీలూ మారతాయి. తర్వాత జరపడానికి ఎం, కాపీ కోసం కంట్రోల్, పక్కకి జరిపి, మూడు కాపీలకి 3 ఎక్స్, ఎంటర్. అంతే, నాలుగిళ్లు.

ఇప్పుడు పైకప్పు. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, ఎందుకంటే నేను బోల్తా పడింది ఇక్కడే. పలకరాయి అంటే మన మార్కాపురం పలక గుర్తు తెచ్చుకోండి, పొరలు పొరలుగా చీలే రాయి. వేల్స్‌లో ఈ పలకల సైజులకి దొరసానుల పేర్లు. డచెస్ అంటే 24 అంగుళాలకి 12, కౌంటెస్ 20కి 10, లేడీ 16కి 8. క్వారీలో దుమ్ము పీల్చేది కూలీలు, పేరేమో దొరసానులది!

మనం కౌంటెస్ తీసుకుందాం. నేను మొదటిసారి ఏం చేశానంటే, కింది పలక మీద పై పలకని 3 అంగుళాలు ఎక్కించాను. 17 అంగుళాలు బయటికి. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. కింద ఎవరో కామెంట్ పెట్టారు: "అన్నా, నీ ఇల్లు కారుతుంది." నిజమే! పక్కపక్కన ఉన్న రెండు పలకల మధ్య సందు ఉంటుంది కదా, ఇదిగో ఇక్కడ, వాన నీళ్లు అందులోంచి దిగుతాయి. దాని కింద ఇంకో పలక ఉండాలి. అందుకని 3 అంగుళాలు ఎక్కాల్సింది పక్క వరుస మీద కాదు, ఒకటి వదిలి ఆ కింది వరుస మీద. అంటే మూడో వరుస మొదటి వరుస మీదికి రావాలి. మళ్లీ చెప్తున్నా, మూడోది మొదటిదాని మీదికి. 20లోంచి 3 తీసేస్తే 17, అందులో సగం 8.5. ఎం, కంట్రోల్, 8.5, ఎంటర్. రెండో వరుసని 5 అంగుళాలు పక్కకి జరపండి, సందు కింద పలక నడిమి భాగం వస్తుంది. నేనైతే ఇదంతా నేల మీద పరిచేసి, చివర్లో క్యూ కొట్టి మొత్తాన్ని వాలుగా తిప్పేస్తా. వాలు మీద గీస్తే తలనొప్పి.

ఇంకొక్కటి. మ్యూజియంలో ఒక్కో ఇల్లు ఒక్కో కాలం. ఇది 1861. ఇది 1901, బెథెస్డా అనే ఊళ్లో పెన్‌రిన్ క్వారీ సమ్మె నడుస్తున్న కాలం. 1900లో మొదలై 1903 దాకా సాగింది. సమ్మెలో ఉన్నవాళ్లు కిటికీలో ఒక కార్డు పెట్టేవాళ్లు: "ఈ ఇంట్లో ద్రోహి లేడు." ద్రోహి అంటే సమ్మె వదిలి పనిలోకి వెళ్లినవాడు. కార్డు లేని కిటికీ ఎవరిదో ఊరందరికీ తెలిసిపోయేది. ఆ కార్డు పెడదాం. ఆగండి! ముందు రైట్ క్లిక్, మేక్ యూనిక్. అంటే ఈ ఒక్క ఇంటిని మిగతా కాపీల నుంచి విడదీయడం. లేకపోతే ఇలా... చూశారా, నాలుగు కిటికీల్లోనూ కార్డు వచ్చేసింది, 1969 ఇంట్లో కూడా. 1969 అంటే ల్లాన్‌బెరిస్ దగ్గరి దినోర్విగ్ క్వారీ మూతపడ్డ ఏడాది. కంట్రోల్ జెడ్. ఇప్పుడు మేక్ యూనిక్, ఇప్పుడు కార్డు. నాలుగో ఇల్లు పిల్లల పాఠాలకి వాడేవారు, దాన్ని అలాగే వదిలేయండి.

ఫ్యాన్ సౌండ్ వినిపిస్తోందా? పలకలు ఎక్కువై నా ల్యాప్‌టాప్ మూలుగుతోంది. మీరు కూడా ఇక్కడే ఒకసారి సేవ్ చేసేయండి.