మన వలస కథ తమిళంలో ఎందుకు పుట్టింది? కి.రా. గొడవకి నా జవాబు

నమస్తే అండీ. సూటిగా విషయానికి వచ్చేస్తున్నా. తెలుగువాళ్లు తమిళనాడుకి వలస వెళ్లడం మీద వచ్చిన గొప్ప నవల తెలుగులో రాలేదు, తమిళంలో వచ్చింది. రాసినాయన ఇంటి భాష మాత్రం తెలుగే. పేరు కి. రాజనారాయణన్. తమిళ పాఠకులకి కి.రా.

పోయిన వీడియోలో ఈ మాట అన్నందుకు రెండు వైపుల నుంచీ తిట్లు తిన్నాను. ‘ఆయన తమిళ రచయిత, తెలుగువాణ్ణి చేయకండి’ అని కొందరు. ‘మనవాణ్ణి తమిళులు ఎత్తుకుపోయారు’ అని ఇంకొందరు. ఎవరూ ఎత్తుకుపోలేదండీ! మనమే అటు తిరిగి చూడలేదు.

తమిళనాడు దక్షిణాన కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్ అని ఊరు. నల్లరేగడి నేల, వాళ్ల మాటలో కరిసల్. వాన పడితేనే పంట. అక్కడ తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు కి.రా. చదువు ఏడో తరగతితో సరి. వానకి తడవకుండా బడిలోకి వెళ్లాను, అక్కడా బడిని చూడకుండా వాననే చూస్తూ ఉండిపోయాను అని చెప్పుకునేవారు. సేద్యం చేశారు, రైతు పోరాటాల్లో జైలుకి వెళ్లారు. 1958లో ‘సరస్వతి’ పత్రికలో ‘మాయమాన్’ కథ వచ్చేసరికి ఆయనకి ముప్పై ఐదేళ్లు. అదే ఊరి నుంచి ఇంకో కథకుడు, కు. అళగిరిసామి, ఈయన స్నేహితుడే. ఇద్దరికీ సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఒక్క పల్లెటూరికి రెండు!

‘కదవు’ అని ఒక కథ ఉంది. కదవు అంటే తలుపు. ఆ పేరు తలుచుకుంటే చాలు, నాకు గొంతు పట్టేస్తుంది. పిల్లలు ఇంటి తలుపెక్కి బస్సాట ఆడుతుంటారు. ఒకడు టిక్కెట్లు ఇస్తాడు. ఏ ఊరికి? తిరునల్వేలికి! అక్క లక్ష్మికి వీధిలో అగ్గిపెట్టె బొమ్మ దొరుకుతుంది, కుక్క బొమ్మ. దాన్ని తెచ్చి తలుపుకి అంటిస్తారు. కోవిల్‌పట్టి అంటేనే అగ్గిపెట్టెల ఊరు కదా, అక్కడి పిల్లలకి ఆ బొమ్మలే ఆస్తి. ఇంతలో తలారి మనుషుల్ని వెంటబెట్టుకుని వస్తాడు. శిస్తు బాకీ. ఇంట్లో పట్టుకుపోవడానికి ఏముంది? తలుపు ఊడదీసి పట్టుకుపోతారు. తండ్రి పనికోసం ఊరొదిలి వెళ్లి నెలలైంది, డబ్బు రాదు. తలుపు లేని ఇంట్లోకి చలిగాలి. కొన్నాళ్లకి పిల్లాడికి చావడి వెనక ఆ తలుపు కనపడుతుంది. పరిగెత్తుకుంటూ వెళ్లి అమ్మకీ అక్కకీ చెప్తాడు. వెళ్లి చూస్తే అడుగున చెదలు పట్టి ఉంటుంది. ఆ చెదల్ని దులిపి, తలుపుని కావలించుకుంటారు. ఇంతే కథ. పేదరికం గురించి ఎక్కడా ఉపన్యాసం ఉండదు.

ఇక నవల. 1976లో వచ్చిన ‘గోపల్ల గ్రామం’. పండు ముసలమ్మ మంగత్తాయారు చెప్తుంటుంది: చెన్నాదేవి అనే అందగత్తె మీద ఒక రాజు కన్ను పడింది, మనవాళ్లు రాత్రికి రాత్రి ఇల్లూ వాకిలీ వదిలి దక్షిణానికి పారిపోయారు, వెనక గుర్రాలు, ముందు ఏరు, అప్పుడు ఒడ్డున ఉన్న చెట్టు వంగి దారి ఇచ్చింది! ఈ చెట్టు వంగిన కథ ఆయన ఊరికే కల్పించింది కాదు. తమిళనాడులో స్థిరపడ్డ తెలుగు కులంవాళ్లు, కంబళత్తు నాయకర్లు కూడా తమ పెద్దలు ఇలాగే ఏరు దాటారని చెప్పుకుంటారు. ఆ తర్వాత అడవిని కాల్చి, రేగడిని దున్ని, ఊరు కట్టుకోవడం. దీనికి కొనసాగింపు ‘గోపల్లపురత్తు మక్కళ్’. దానికే 1991లో అకాడమీ అవార్డు.

ఇప్పుడు నా వాదన వినండి, ఒప్పుకోకపోయినా సరే. కి.రా.కి తెలుగు అక్షరాల్లో దొరకలేదు, చెవిలో దొరికింది. అవ్వల నోట విన్న తెలుగు. అందుకే ఆయన తమిళం కూడా చెవితోనే రాశారు. సంభాషణల్లోనే కాదు, కథ చెప్పే వాక్యంలోనూ పల్లె మాటే. పండితులు ముక్కు విరిస్తే, ఆయన కరిసల్ మాటలన్నీ పోగేసి ఏకంగా నిఘంటువు వేశారు! ఏడో తరగతి మనిషిని పుదుచ్చేరి విశ్వవిద్యాలయం పిలిచి ప్రొఫెసర్ కుర్చీలో కూర్చోబెట్టింది. 2021 మే 17న పోతే తమిళనాడు ప్రభుత్వం అధికార లాంఛనాలతో సాగనంపింది. మనం? యాస అనగానే సినిమాలో కమెడియన్‌కి రాసిచ్చి నవ్వుకుంటున్నాం. నాకు కోపం వచ్చేది అక్కడే.

కోవిల్‌పట్టి, మదురై, కోయంబత్తూరు వైపు ఉన్న తెలుగు ఇళ్లవాళ్లు ఈ వీడియో చూస్తుంటే ఒక్క పని చేయండి. ఇంట్లో అవ్వ ఉంటే ఈ రాత్రికే పక్కన కూర్చుని, మనం ఇక్కడికి ఎలా వచ్చాం అని అడగండి. ఫోన్‌లో రికార్డ్ చేయండి, ఆమె మాట ఎలా ఉంటే అలాగే, ఏమీ సరిచేయకుండా. మీ ఇంటి కథలో కూడా ఆ చెట్టు వంగిందేమో నాకు తెలియాలి.