కిన్నెర కెమెరా ముందుకు వచ్చినప్పుడు

సభకు నమస్కారం.

2021 సెప్టెంబరులో భీమ్లా నాయక్ సినిమా టైటిల్ పాట వచ్చాక పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగ వాద్యం పేరు ఊరూరా తెలిసింది. పాట ఎత్తుగడలో వినపడే గొంతు దర్శనం మొగిలయ్య గారిది. ఊరు నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. మరుసటి ఏడాదే ఆయనకు పద్మశ్రీ వచ్చింది. జానపద వీరుడు పండుగ సాయన్న కథను రాత్రి పొద్దుపోయేదాకా చెప్పగల కళాకారుడికి సినిమా పాట ఇచ్చేది కొద్ది క్షణాలే. ఆ క్షణాలైనా చెడకుండా ఎలా పట్టుకోవాలన్నదే నేటి మాట.

ముందు వాద్యాన్ని చూడండి. వెదురు దండి, ఎండిన సొరకాయ బుర్రలు, దండి మీద తేనెమైనంతో అతికించిన మెట్లు, అంటే తీగను ఏ స్వరానికి ఎక్కడ నొక్కాలో చూపే గట్లు. చిక్కంతా ఆ మైనంతోనే. అరవై డిగ్రీలు దాటితే గానీ అది కరగదు, నిజమే. కానీ ముప్పై అయిదు, నలభై దగ్గరే మెత్తబడుతుంది. పెద్ద లైట్ల కింద అరగంట ఉంచితే మెట్టు వెంట్రుకవాసి జరిగినా స్వరం మారిపోతుంది. అందుకని లైటింగు సరిచూసుకునేటప్పుడు కిన్నెరను నీడలో పెట్టించండి, టేకుకు మాత్రమే చేతికివ్వండి.

రెండోది శ్రుతి. స్టూడియో కీబోర్డు ప్రామాణిక శ్రుతి అయిన 440 హెర్ట్‌జ్‌కు కట్టుబడి ఉంటుంది. కిన్నెర మాత్రం పాడేవాడి గొంతుకు కట్టుబడి ఉంటుంది. తీగ బిగించి కీబోర్డుకు కలపవచ్చు గదా అంటారు. బిగిస్తే గొంతు కూడా పైకెక్కాలి. పైగా మెట్ల మధ్య దూరం చెవితో విని కుదిర్చింది కాబట్టి మొదటి స్వరం కలిసినా మిగతావి కలవవు. కీబోర్డు శ్రుతినే దించండి. సెంటు అంటే కీబోర్డులో పక్కపక్క స్వరాల ఎడంలో నూరో వంతు. కిన్నెర ముప్పై సెంట్లు తక్కువుంటే ముప్పై సెంట్లూ దించడం నిమిషం పని. స్వరాలను యంత్రంతో సరిచేసే ఆటోట్యూన్ జోలికి పోతే ఆ మెట్లకున్న సొంత రుచే పోతుంది.

టిక్కు టిక్కుమని తాళం వినిపించే క్లిక్ ట్రాక్ చెవిలో పెట్టి పాడమనడం ఇంకో పొరపాటు. కథ చెప్పే గొంతు ఊపిరిని బట్టి సాగుతుంది, చెయ్యి ఆ గొంతు వెంట నడుస్తుంది. కిన్నెర ఒకసారి, పాట ఒకసారి విడిగా అడిగితే రెండూ పేలవమవుతాయి. రెండూ కలిపి రికార్డు చేసి, తర్వాత దాని నడకకే డప్పునూ బీటునూ అమర్చుకోండి. రెండు మైకులు చాలు: కిన్నెరకు జానెడు దూరంలో ఒకటి, నోటికి ఒకటి. ఒక్కో మైకు దాని మూలానికి ఎంత దగ్గరుంటే, మైకుల మధ్య దూరం దానికి మూడింతలుండాలి. లేకుంటే ఒకే శబ్దం రెండింటిలో పడి గొంతు డొల్లగా వినపడుతుంది.

టీవీలో కాలర్ మైకొక్కటే పెట్టి సరిపెడతారు. అది కండువాకు రాసుకుని గరగరలాడుతుంది. దాన్ని అణచడానికి, చిన్న శబ్దాలను కత్తిరించే నాయిస్ గేట్ వేస్తే తీగ మోగి మోగి సద్దుమణిగే చివరి భాగం తెగిపోతుంది. కిన్నెర అందం సగం అక్కడే ఉంది.

పాటకు పెదవులు కలపమని కూడా అడగొద్దు. ఒకసారి పాడినట్టు ఇంకోసారి పాడకపోవడమే ఈ విద్య. రెండు మూడు కెమెరాలు పెట్టి లైవ్ సౌండుతో ఒకే ఊపులో తీయండి.

ఇక కాగితం పని. అన్నిటికంటే నష్టం జరిగేది ఇక్కడే. కాపీరైట్ చట్టం ప్రకారం ప్రదర్శనకారుడి హక్కు 50 ఏళ్ళు ఉంటుంది. సినిమాలో వాడుకోవడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్నా, ఆ ప్రదర్శనను వాణిజ్యంగా వాడితే రాయల్టీ రావాలని 2012 సవరణ చెబుతోంది. కానీ ఒక మెలిక ఉంది: అలా వచ్చి పోయే చిన్న ప్రదర్శన అయి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌లో ఎక్కడా పేరు పడనివాళ్ళను చట్టం ప్రదర్శనకారులుగానే లెక్కించదు. తమ ప్రదర్శనను వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కొక్కటే వాళ్ళకు మిగులుతుంది. కాబట్టి టైటిల్ కార్డు మర్యాద కోసం వేసేది కాదు, హక్కుకు ఆధారం. ఒప్పందాన్ని తెలుగులో రాయించి, సంతకానికి ముందు కళాకారుడికీ ఇంటివాళ్ళకూ చదివి వినిపించండి. పేరు, వాద్యం, ఊరు టైటిల్స్‌లో ఏ అక్షరాలతో పడాలో ఆ కాగితంలోనే రాయించండి.